జ్వరం విడిచిన తరువాత మెదడుకు కమ్మే మసక

వైరస్ జ్వరం తగ్గి, ఒళ్లునొప్పులు సద్దుమణిగి, మనిషి మంచం దిగిన తరువాత కూడా కొందరికి ఆలోచన తేటపడదు. తలలో మంచు కమ్మినట్లుండే ఈ స్థితిని ‘బ్రెయిన్ ఫాగ్’ అంటున్నారు. ఇది ఒక వ్యాధి పేరు కాదు, కొన్ని లక్షణాల కూడికకు వాడుకలో స్థిరపడిన పేరు. ఏకాగ్రత నిలవకపోవడం, అప్పుడే విన్నది మరచిపోవడం, తెలిసిన మాట సమయానికి నోటికి రాకపోవడం, కొద్దిసేపు లెక్క చూస్తేనే అలసిపోవడం వీటిలో ముఖ్యమైనవి.

ఏయే జ్వరాల తరువాత?

కోవిడ్ అనంతరం ఈ సమస్య లోకానికి బాగా తెలిసివచ్చింది. సాధారణంగా జబ్బు సోకిన మూడు నెలలకు కనిపిస్తూ, కనీసం రెండు నెలలు కొనసాగి, మరే ఇతర కారణమూ తేలని లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో కోవిడ్ అనంతర స్థితిగా నిర్వచించింది. అలసట, ఆయాసంతోపాటు ఆలోచనాశక్తి మందగించడాన్నీ అందులో పేర్కొన్నది.

అయితే ఇది కోవిడ్‌తో పుట్టినది కాదు. ఆస్ట్రేలియాలోని డబ్బో అనే గ్రామీణ ప్రాంతంలో మూడు రకాల అంటువ్యాధులు సోకిన 253 మందిని వైద్యులు పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత కూడా 12 శాతం మందిలో అలసట, నొప్పులు, ఆలోచనలో ఇబ్బంది మిగిలి ఉన్నాయి. ఎవరికి మిగులుతాయన్నది ప్రధానంగా తొలి జబ్బు తీవ్రతను బట్టి ఉన్నదే కాని, రోగి మనస్తత్వాన్ని బట్టి కాదని తేలింది. ఆ మూడింటిలో ఒకటైన రాస్ రివర్ వైరస్ దోమల ద్వారా వ్యాపిస్తుంది. 2006లో మన దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైన చికున్‌గున్యా వైరస్ కూడా ఆ జాతికి చెందినదే.

కారణాలు

వైరస్ పోయినా, దానిపై పోరాడిన రోగనిరోధక వ్యవస్థ కొందరిలో వెంటనే శాంతించదు. ఆ వాపు ప్రభావం మెదడు పనిని మందగింపజేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. నిద్ర చెడటం, నిలబడినప్పుడు గుండె అతివేగంగా కొట్టుకోవడం దీనికి తోడవుతాయి. ఇంగ్లండులో సుమారు 1,13,000 మందిపై జరిగి 2024లో వెలువడిన పరిశీలనలో, కోవిడ్ లక్షణాలు తీరనివారి మార్కులు, జబ్బు సోకనివారితో పోలిస్తే ఐక్యూలో దాదాపు 6 పాయింట్లకు సమానమైన మేరకు తక్కువగా కనిపించాయి. కోలుకున్నవారిలో ఆ తేడా 3 పాయింట్లు. మసక ఒట్టి అపోహ కాదనడానికి ఇది నిదర్శనం.

పనిపై ప్రభావం

బయటికి మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. అందువల్ల ‘జ్వరం పోయి నెలయింది, ఇంకా ఏమి బద్ధకం?’ అన్న మాట ఇంట్లోనూ, పనిచోటనూ వినవలసివస్తుంది. కొట్టులో చిల్లర లెక్క తప్పుతుంది. మేస్త్రీ కూలీల హాజరు ఒకరిది మరొకరికి వేస్తాడు. పురుగుమందు పాలు కలపడంలో, నూర్పిడి యంత్రం వద్ద, బండి నడపడంలో ఏమరుపాటు ప్రాణాపాయం. ఇంటి భాష ఒకటి, కచేరీ భాష మరొకటి అయిన సరిహద్దు గ్రామాలలో దరఖాస్తు నింపడమే పెద్ద శ్రమ అవుతుంది.

వైద్యునికి చెప్పవలసినది

‘నీరసంగా ఉంది’ అని మాత్రమే చెబితే బలం మందుతో సరిపెట్టే అవకాశముంది. జ్వరం వచ్చిన తేదీ, మునుపు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పని, వాడుతున్న మందులు ఒక కాగితంపై వ్రాసుకొని వెళ్లాలి. వైద్యునికి తెలుగు రాకపోతే, స్థానిక భాష తెలిసినవారిని వెంట తీసుకొని వెళ్లడం మేలు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోపం, మధుమేహం, మానసిక కుంగుబాటు కూడా ఇటువంటి మసకనే కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉన్నది కనుక పరీక్షలు తప్పనిసరి. హఠాత్తుగా మాట తడబడినా, ముఖం వంకరపోయినా, ఒక పక్క చేయి కాలు పడిపోయినా, మూర్ఛ వచ్చినా అది మసక కాదు; వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తిరిగి పనిలోకి

దీనికి ప్రత్యేకించిన మందు ఇంకా లేదు. ఎక్కువమందిలో కాలక్రమేణా తగ్గుతుంది. బలవంతాన పూర్తి పనికి దిగితే కొందరికి మరునాడో, ఆ మరునాడో లక్షణాలు ముదురుతాయి. అటువంటివారు అలసట రాకముందే ఆగడం నేర్చుకోవాలి. లెక్కల పని తల తేటగా ఉన్న వేళకు పెట్టుకోవడం, ఒకసారి ఒకే పని చేయడం, ప్రతిదీ చిట్టాలో వ్రాయడం, డబ్బు లెక్కను మరొకరిచేత సరిచూపించడం ఉపకరిస్తాయి. యంత్రం, బండి, పురుగుమందు పనులను కొంతకాలం ఇతరులకు అప్పగించాలి. ఈఎస్‌ఐ పరిధిలోని అర్హులైన కార్మికులకు వైద్య ధృవపత్రంపై, ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యం లభిస్తుంది.

కూలి డబ్బుతోనే గడిచే ఇంట్లో విశ్రాంతి సులభం కాదు. అయినా కోలుకునే మనిషిని తొందరపెట్టి, మళ్లీ మంచాన పడవేసుకుంటే పోయేది అంతకన్నా ఎక్కువ. ఇంటివారు ముందుగా నమ్మవలసినది ఒక్కటే: ఇది బద్ధకం కాదు, జబ్బు మిగిల్చిన శేషం.