అగ్నిమాపక కేంద్రాలలో సిబ్బంది ప్రణాళిక: పదవీ విరమణలు, గాయపు సెలవులు

వేసవిలో గడ్డివామికో, తాటాకుల ఇంటికో నిప్పంటుకొన్నప్పుడు గ్రామస్థుల చూపులన్నీ రహదారివైపే ఉంటాయి. ఫైరింజను ఎంతసేపటికి వచ్చిందన్నది ఒక ప్రశ్న; అందులో ఎందరు వచ్చారన్నది అంతే ముఖ్యమైన రెండవ ప్రశ్న. బండిని నడిపి పంపును చూసుకొనడానికి ఒకరు, గొట్టం పట్టడానికి ఇద్దరు, లోపల చిక్కినవారిని వెలికితీయడానికి మరికొందరు, అందరినీ నడిపించే నాయకుడొకరు కావాలి. ముగ్గురే దిగితే తొట్టెలో నీరుండి కూడా పని సాగదు. ఆ సంఖ్య ఆనాడు నిర్ణయమయ్యేది కాదు. కొన్ని సంవత్సరాల ముందే నిర్ణయమై ఉంటుంది.

ఒక స్థానానికి ఎందరు?

అగ్నిమాపక కేంద్రం రాత్రింబవళ్లు తెరచి ఉండవలసినదే. ఎనిమిది గంటల వంతుల చొప్పున లెక్కిస్తే, బండిమీద ఒక స్థానానికి సంవత్సరానికి 1,095 వంతులు కావాలి. ఒక ఉద్యోగికి 52 వారాంతపు సెలవులు, 30 ఆర్జిత సెలవులు, 15 సాధారణ సెలవులు తీసివేయగా మిగిలేవి 268 పనిదినాలు. అంటే ఒక్క స్థానం నిండుగా ఉండడానికి నలుగురికి పైగా అవసరం. ఆరుగురు వెళ్లవలసిన బండికి సుమారు 25 మంది కావాలన్నమాట. వారిలో ఇద్దరు విరమణ చేసి, ఒకరు గాయంతో మంచాన పడితే మిగిలిన 22 మందితో చాలా దినాలు ఐదుగురే బయలుదేరవలసి వస్తుంది. అనేక కేంద్రాలలో ఈ లోటును ఉన్నవారి అదనపు గంటలతోనే పూడుస్తారు. అలసినవాడు గాయపడే అవకాశం ఎక్కువ కనుక, లోటు మరొక లోటుకు దారితీస్తుంది.

విరమణ: ముందే తెలిసిన ఖాళీ

ఉద్యోగి చేరిన నాడే అతని విరమణ దినం సేవాపుస్తకాన్నిబట్టి తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుండి 61కి పెంచారు. తమిళనాడులో 2020లో 59, 2021లో 60 అయినది. కర్ణాటక, ఒడిశాలలో 60. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నందున అక్కడ కూడ 60. కనుక సరిహద్దుకు ఇరువైపుల ఒకే ఏట పుట్టి, ఒకే ఏట ఉద్యోగంలో చేరినవారు వేరువేరు సంవత్సరాలలో విరమిస్తారు.

వయస్సు పెంచినప్పుడు విరమణలు ఆగిపోవు, వాయిదా పడతాయంతే. తెలంగాణలో 2021లో ఆగిన విరమణలు 2024లో తిరిగి మొదలైనవి. పైగా ఒకే నియామకంలో చేరినవారు ఇంచుమించు ఒకేసారి వెళ్లిపోతారు. ప్రకటన, దేహదారుఢ్య పరీక్ష, వ్రాతపరీక్ష, శిక్షణ అన్నీ ముగియడానికి ఏడాది దాటడం సాధారణం. ఖాళీ ఏర్పడిన తరువాత నియామకం ప్రారంభిస్తే ఆ ఏడాదీ బండి కొరతతోనే తిరుగుతుంది.

గాయం: కాగితంపై కనబడని ఖాళీ

విధినిర్వహణలో గాయపడినవారికి తెలుగు రాష్ట్రాలలో ప్రాథమిక నిబంధనలలోని 83వ నిబంధన క్రింద ప్రత్యేక అశక్తత సెలవు లభిస్తుంది. ఒక గాయానికి అది 24 నెలలు మించరాదు. ఆ కాలంలో ఉద్యోగి పదవి అతనిదే. అది ఖాళీగా లెక్కకు రాదు కనుక క్రొత్తవారిని నియమించే వీలుండదు. జాబితాలో పేరుంటుంది, బండిమీద మనిషి ఉండడు.

అంగవైకల్యం ఏర్పడినవారిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను చెబుతున్నది. ఉన్న పని చేయలేనివారికి అదే జీతంపై వేరొక పని ఇవ్వాలి. అది లేకుంటే అదనపు పదవి సృష్టించాలి. అగ్నిమాపక శాఖలో టెలిఫోను విధులు, పరికరాల నిర్వహణ, తనిఖీలు, శిక్షణ అటువంటివారికి అనువైనవి. అయితే వారు వదలిన చోటు నింపకపోతే భారం సహచరులపై పడుతుంది.

ప్రణాళికలో ఉండవలసినవి

రానున్న ఐదేళ్ల విరమణల పట్టిక ప్రతి కేంద్రానికీ ఉండాలి. దానినిబట్టి నియామకాన్ని రెండేళ్ల ముందే కోరాలి. గడచిన సంవత్సరాల గాయాలు, దీర్ఘకాలపు సెలవులను లెక్కించి, జిల్లాకు కొందరిని సెలవు నిల్వగా ఉంచాలి. డ్రైవరు, నాయకుడు వంటి స్థానాలకు రెండవవారిని ముందే తర్ఫీదు చేయాలి. డ్రైవరు లేని బండి ఎందరున్నా కదలదు.

గ్రామస్థులు అడగదగినవి

సరిహద్దు గ్రామాలకు కేంద్రం తరచు దూరంగానే ఉంటుంది కనుక, వచ్చిన బృందం పూర్తిగా ఉండడం మరింత అవసరం. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద మూడు ప్రశ్నలు అడగవచ్చు: మంజూరైన పదవులెన్ని? నేడు విధులలో ఉన్నవారెందరు? ఐదేళ్లలో విరమించేవారెందరు? సాధారణంగా 30 దినాలలో సమాధానమీయవలసి ఉంటుంది. 1944లో బొంబాయి రేవు ప్రేలుడులో ప్రాణాలర్పించిన సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో సిబ్బంది ప్రదర్శనలిస్తారు. వారిని కలిసినప్పుడు బండిని చూడడంతో సరిపెట్టక, దానిమీద ఎక్కవలసినవారెందరో, ఎక్కుతున్నవారెందరో కూడ తెలుసుకొనడం మంచిది.