గాజుపలకపై శీతకాలం

మంచు కప్పిన కొండ, దాని పాదాన గడ్డకట్టిన సరస్సు, ఒడ్డున ఆకు రాలిన ఒంటరి చెట్టు. ఇటువంటి ఛాయాచిత్రాన్ని ఎన్నడూ చూడని ఇల్లు మన దేశంలో అరుదు. క్యాలెండరు మీదనో, బిస్కత్తుల డబ్బా మూత మీదనో అది మనకు కనపడుతూనే ఉంటుంది. ఈ చిత్రాలకు పేరు పడిన ప్రదేశాలలో స్కాట్లండు ఉత్తర పర్వతసీమ ఒకటి. ఆ సీమకు హైలాండ్స్ అని పేరు. బ్రిటిష్ దీవులలోకెల్ల ఉన్నతమైన శిఖరం, 1,345 మీటర్ల బెన్ నెవిస్, అక్కడనే ఉన్నది. హిమాలయాలను ఎరిగిన మనకు అదొక గుట్ట మాత్రమే. కాని అది భూమధ్యరేఖకు దాదాపు 57 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. డిసెంబరులో అక్కడ పగలు ఇంచుమించు ఏడు గంటలు. మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల మేరకే లేస్తాడు. ఆ వేళ కొండల ఉత్తరపు ముఖాలకు ఎండ అనేది తెలియదు.

ఛాయాగ్రహణ విద్య స్కాట్లండుకు 1840 దశకపు ఆరంభంలోనే చేరినది. హిల్, ఆడమ్సన్ అనే ఇరువురు 1843 మొదలు 1847 వరకు ఎడింబరోలో తీసిన చిత్రాలు నేటికీ ఆ కళకు గర్వకారణాలు. అయినప్పటికీ, తొలి నలుబది సంవత్సరాల హైలాండ్స్ చిత్రాలను తిరుగవేసి చూచినప్పుడు శీతకాలం బహు అరుదుగా దొరుకుతుంది. ఎప్పుడు చూచినా అక్కడ వేసవియే, లేకుంటే శరత్తు. ఏటా నెలల తరబడి మంచు పడే సీమలో మంచు కనపడకపోవడానికి కారణమేమి? మేము ఈ ప్రసంగంలో విచారించదలచినది ఈ ప్రశ్ననే.

ఆ కాలపు హైలాండ్స్‌ను ప్రపంచానికి చూపినవారిలో అగ్రగణ్యుడు ఆబర్డీన్ నగరవాసి జార్జి వాషింగ్టన్ విల్సన్. 1823 లో జన్మించిన ఈయన తొలుత వడ్రంగం నేర్చినాడు, పిదప చిన్న చిన్న రూపచిత్రాలు వ్రాసి జీవించినాడు, 1850 దశకంలో కెమేరా పట్టినాడు. బాల్మోరల్ భవనంలో విడిది చేసే విక్టోరియా రాణికి ఆస్థాన ఛాయాగ్రాహకుడు కూడ అయినాడు. ఆయన సంస్థ విడిచిన గాజు నెగిటివులు ముప్పదియేడు వేలకు పైగా ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నవి.

విల్సన్ వాడిన పద్ధతిని ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851 లో వెల్లడించినాడు. దానిని తడిపలక పద్ధతి అనవచ్చును. శుభ్రంగా తుడిచిన గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, నలుమూలలకు పారునట్లు పలకను వంచాలి. పిదప చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. పలక తడి ఆరకముందే కెమేరాలో పెట్టి చిత్రం తీయాలి, తడి ఆరకముందే దానిని కడగాలి. ఈ తతంగమంతా పది పదిహేను నిమిషాలలో ముగియాలి. అందుచేత కొండ ఎక్కే ఛాయాగ్రాహకునితో పాటు చీకటి గుడారం, గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, నీళ్ళు కూడ కొండ ఎక్కవలసి ఉండేది. నేడు జేబులోని టెలిఫోనుతో చిత్రాలు తీసేవారు ఒక్క క్షణం ఈ బరువును ఊహించుకొందురు గాక.

ఇక శీతకాలంలో వీరి పాట్లు చెప్పనలవి కాదు. చలికి రసాయనాల పని మందగిస్తుంది. పలక కడిగే నీరు పలక మీదనే గడ్డకడుతుంది. అసలే పలుచనైన ఎండ, అదియు కొద్ది గంటలే. వీటన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఆ పలకకు నీలికాంతి ఒక్కటే చక్కగా తెలుస్తుంది. పసుపు, ఎరుపు దాదాపు తెలియనే తెలియవు. నీలాకాశం చిత్రంలో వట్టి తెలుపుగా పడుతుంది. మంచు సరేసరి, అది కూడ తెలుపే. మంచు మీది నీడలకు ఆకాశపు నీలమే వెలుగునిస్తుంది గనుక ఆ నీడలు సైతం తెల్లబారుతవి. ఆకాశమేదో, కొండకొమ్మేదో, నీడేదో తెలియదు. మధ్యనున్న నల్లరాళ్ళు మాత్రం సిరా ఒలికినట్లు కనపడతవి.

ఇంతమాత్రమే కారణమని కొందరు తలుస్తారు. మాకు అది తృప్తి కలిగించలేదు. దానికి సాక్ష్యం మన దేశంలోనే ఉన్నది. శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1863 మొదలు 1866 వరకు మూడు పర్యాయాలు హిమాలయ యాత్ర చేసినాడు. ఆయనవి కూడ ఈ తడిపలకలే. డజన్ల కొలది కూలీల వీపుల మీద గాజును, మందులను మోయించి, 1866 లో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మనిరంగ్ కనుమ వద్ద చిత్రాలు తీసినాడు. ఆ కూలీల పేర్లు ఏ చిత్రం క్రిందనూ కానరావు. వారు లేనిదే ఆ చిత్రాలును లేవు. నాలుగు వేల అడుగుల స్కాట్లండు కొండల మీద అసాధ్యమైనది పద్దెనిమిది వేల అడుగుల మీద ఎట్లు సాధ్యమైనది? కష్టం కష్టమే గాని, అది దాటరానిది కాదన్నమాట.

అసలు సంగతి బేరంలో ఉన్నదని మా అభిప్రాయం. విల్సన్ చిత్రాలను కొనేవారు యాత్రికులు. బ్రిటన్‌లో అడవికోళ్ళ వేట ఆగస్టు 12 న మొదలవుతుంది. ధనికులు ఆ వేటకు వచ్చేవారు. రాణి కూడ ఆ రోజులలోనే బాల్మోరల్‌కు వచ్చేది. ఇళ్ళకు మరలేటప్పుడు తాము చూచిన కొండను, తాము చూచిన సరస్సును వారు కొనుక్కొని పోయేవారు. తాము చూడని జనవరి మాసపు కొండ వారికి అక్కరలేదు. కొనేవారు లేని సరకును ఎవరు తయారు చేస్తారు? ఆ విధంగా హైలాండ్స్‌లో ఏడాదికి మూడు నెలలే ఉన్నవన్నట్లుగా ఒక తరమంతా ఛాయాచిత్రాలు వెలువడినవి.

శీతకాలానికి వాకిలి తెరచినవారు వర్తకులు కారు, వాతావరణ శాస్త్రజ్ఞులు. 1881 లో క్లెమెంట్ రాగ్ అనే ఉత్సాహవంతుడు వేసవి నెలలలో ప్రతిదినం బెన్ నెవిస్ ఎక్కి వాతావరణ పరిశీలనలు చేసి దిగినాడు. ఆ కృషి ఫలితంగా 1883 అక్టోబరులో శిఖరాగ్రాన ఒక పరిశీలనాలయం వెలసినది. అక్కడి ఉద్యోగులు ఇరువది సంవత్సరాల పాటు రాత్రింబగళ్ళు గంటగంటకు ఉష్ణోగ్రత, గాలి, వాన కొలిచి వ్రాసినారు. శీతకాలంలో తలుపు మంచులో మునిగిపోయేది గనుక, పైనుండి బయటకు వచ్చుటకై ఒక బురుజు కట్టుకున్నారు. మేఘంలోని తుంపురులు పరికరాల మీద పడి గడ్డకట్టి, గాలి వచ్చే దిక్కుకే ఈకలవలె పెరిగేవి.

ఈ లోపల ఛాయాగ్రహణంలో గొప్ప మార్పు జరిగినది. 1871 లో రిచర్డ్ మాడక్స్ అనే వైద్యుడు జెలాటిన్‌తో పొడిపలకకు దారి చూపినాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి పొడిపలకలు అంగళ్ళలో అమ్మకానికి వచ్చినవి. చీకటి గుడారం, నీళ్ళు, మందుసీసాలు ఇంటి దగ్గర ఉంచి, పలకలు మాత్రం తీసుకొని పోవచ్చును. వచ్చిన తరువాత తీరికగా కడుగుకొనవచ్చును. పరిశీలనాలయపు బురుజును, దాని మీది మంచు ఈకలను, మంచులో త్రవ్విన దారులను చూపే చిత్రాలు మనకు మిగిలినవంటే అది ఈ పొడిపలక చలవయే. నిధులు చాలక ఆ పరిశీలనాలయం 1904 లో మూతబడినది. విషయాంతరమైనను ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1894 సెప్టెంబరులో సి. టి. ఆర్. విల్సన్ అనే యువకుడు అక్కడ కొన్నాళ్ళు పనిచేసి, మేఘాల మీద సూర్యకాంతి కల్పించే రంగుల వలయాలను చూచి ముగ్ధుడైనాడు. అటువంటి మేఘాన్ని ప్రయోగశాలలో సృష్టించాలని బయలుదేరి, అణువులోని కణాల జాడలను ఛాయాచిత్రంలో పట్టే యంత్రాన్ని నిర్మించినాడు. 1927 లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. కెమేరా విల్సన్‌కు, ఈయనకు పేరులో తప్ప పోలిక లేదు.

శాస్త్రజ్ఞుల వెంట పర్వతారోహకులు వచ్చినారు. స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ 1889 లో స్థాపితమైనది. వీరికి మంచు అడ్డంకి కాదు, ఆహ్వానం. ఆ క్లబ్బు సభ్యుడైన హ్యూ మన్రో 1891 లో మూడు వేల అడుగులు దాటిన శిఖరాల పట్టిక ప్రకటించినాడు. వాటినన్నిటిని మొట్టమొదట ఎక్కినట్లు పేరు పొందిన ఏ. ఇ. రాబర్ట్‌సన్ ఒక చర్చి పురోహితుడు. 1901 లో చివరి శిఖరం చేరినప్పుడు ఆయన ముందుగా అక్కడి రాళ్ళగుట్టను, ఆ తరువాత వెంట వచ్చిన భార్యను ముద్దు పెట్టుకున్నాడని నేటికీ చెప్పుకొంటారు! బరువైన కెమేరాను మోసుకొని తిరిగిన ఆ మనిషి కొండలతో తృప్తిపడలేదు. మారుమూల లోయలలో తనకు ఆశ్రయమిచ్చిన గొఱ్ఱెల కాపరులను, వేటకాపులను, వారి ఇళ్ళను కూడ చిత్రించినాడు. ఆ దినాలలో పసుపు, ఆకుపచ్చ కాంతులను గుర్తించే కొత్త పలకలు వచ్చినవి. కటకం ముందు పసుపు అద్దం ఉంచితే ఆకాశం నల్లబడి, మంచుకొండ దాని మీద వెలిగిపోయేది. క్రింది నుండి వచ్చే ఏటవాలు ఎండ మంచు మీది ప్రతి ముడతకు నీడ గీసేది. విల్సన్ కాలంలో శత్రువైన శీతకాలపు సూర్యుడు ఇప్పుడు మిత్రుడైనాడు.

ఇక సరస్సుల మాట. సరస్సును అక్కడివారు లాఖ్ అంటారు. చిత్రమేమంటే, హైలాండ్స్‌లో మిక్కిలి ప్రసిద్ధమైన సరస్సు గడ్డకట్టదు. నీరు నాలుగు డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అన్నిటికంటె బరువుగా ఉంటుంది. అందువలన పైని నీరు చల్లబడి క్రిందికి దిగుతుంది, క్రింది నీరు పైకి వస్తుంది. సరస్సు అడుగు వరకు ఆ చల్లదనం చేరిన పిమ్మట గాని ఉపరితలం గడ్డకట్టదు. రెండు వందల మీటర్లకు మించిన లాఖ్ నెస్‌లోను, 310 మీటర్ల లాఖ్ మోరార్‌లోను అది జరుగకముందే వసంతం వచ్చేస్తుంది. ఛాయాగ్రాహకులు కోరే మంచుపలక రానఖ్ బీడులోని లోతులేని మడుగులలోను, కేర్న్‌గార్మ్ కొండల మీది లాఖ్ ఏవన్ వంటి ఎత్తైన సరస్సులలోను దొరుకుతుంది. 1894 లో రైలుమార్గం రానఖ్ బీడు మీదుగా పడిన తరువాత అక్కడికి శీతకాలంలో చేరుట సులభమైనది.

ఈ లోతుల లెక్క తెలియడానికి ఒక విషాదం కూడ తోడైనది. జాన్ మరే అనే శాస్త్రజ్ఞుడు, యువకుడైన ఫ్రెడరిక్ పుల్లర్ కలసి 1897 లో స్కాట్లండు సరస్సుల లోతులు కొలవనారంభించినారు. 1901 ఫిబ్రవరిలో స్టర్లింగ్ సమీపాన ఎయిర్త్రీ సరస్సు మీద జనం మంచుపై జారుతూ ఆడుకొంటూ ఉండగా మంచు విరిగినది. మునుగుతున్నవారిని రక్షింపబోయి పుల్లర్ ప్రాణం కోల్పోయినాడు. ఆయన తండ్రి లారెన్స్ పుల్లర్ కొడుకు పని ఆగిపోరాదని ధనమిచ్చి దానిని కొనసాగించినాడు. 562 సరస్సులు కొలువబడినవి. గడ్డకట్టిన సరస్సు మీద కెమేరా నిలబెట్టే ప్రతి మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలని మేము తలుస్తాము.

మంచు చిత్రాలపై ఒక ఆక్షేపణ ఉన్నది. అది బలమైనదే. చిత్రంలో మనిషి లేడు, ఇల్లు లేదు, అంతా నిర్మలమైన శూన్యం. చూచేవారు దానిని ప్రకృతి సహజమని భ్రమపడతారు. కాని ఆ లోయలలో పెక్కు ఒకనాడు ఊళ్ళతో నిండినవే. గొఱ్ఱెల పెంపకంలో లాభం ఎక్కువని భూస్వాములు కౌలుదారులను వెళ్ళగొట్టినారు. సదర్లండ్ ప్రాంతంలోని స్ట్రాత్‌నేవర్ లోయలో 1814 లోను, 1819 లోను జరిగిన తొలగింపులు నేటికీ అక్కడివారు మరువలేదు. ఇళ్ళు కాలినవి, జనం సముద్రతీరానికో, సముద్రాల ఆవలికో పోయినారు. ఆ ఖాళీని అందమని అమ్మిన పాపంలో విల్సన్ వంటివారికి భాగం లేదనలేము.

కాని శీతకాలానికి మరొక గుణం ఉన్నది. వేసవిలో పొదలు, గడ్డి కప్పివేసిన పాడుగోడలు, దున్నిన చాళ్ళు, ఊరి హద్దులు పలుచని మంచు పడి ఏటవాలు ఎండ కాసినప్పుడు ఒక్కమాటుగా బయటపడతవి. అంగుళాల ఎత్తు గట్టు కూడ నీడ వేస్తుంది. 1976 నుండి స్కాట్లండు పురావస్తు సంఘంవారు విమానం నుండి తీయించిన చిత్రాలలో ఇటువంటి శీతకాలపు చిత్రాలకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. శూన్యాన్ని చూపే మంచే ఊరు పోయిన చోటును వేలు పెట్టి చూపుతున్నది.

ఆ మంచు మాత్రం తగ్గిపోతున్నది. మంచు మీద రాతిగుండ్లను జార్చి ఆడే కర్లింగ్ స్కాట్లండువారి అభిమాన క్రీడ. ఆరుబయట గడ్డకట్టిన నీటిపై జరిగే వారి మహాపోటీ 1847 లో మొదలైనది. 1853 నుండి 1935 వరకు కార్స్‌బ్రెక్ అనే చోటనే ఇరువది అయిదుమార్లు జరిగినది. తరువాత జరిగినవాటిలో 1963 నాటిది, 1979 లో మెంటీత్ సరస్సు మీద జరిగినది ఉన్నవి. 2010 లో సన్నాహాలు జరిగి, అపాయమన్న భయంతో మానుకున్నారు. బ్రేరియాఖ్ కొండ మలుపులో వేసవిలో కూడ నిలిచే మంచుతునక ఒకటి ఉన్నది. గడచిన శతాబ్దంలో అది పూర్తిగా కరగినది 1933, 1959, 1996 లలో మాత్రమే. ఈ శతాబ్దంలో 2003, 2006, 2017, 2018, 2021, 2022, 2023 లలో కరగినది.

ఇట్టి లెక్కలకు పాత చిత్రాలే సాక్ష్యం. ఎడింబరో రాజోద్యానంలో ఉద్యోగం చేసిన రాబర్ట్ మోయిస్ ఆడమ్ అనే ఆయన 1967 లో మరణించినాడు. అర్ధశతాబ్దం పాటు ఆయన హైలాండ్స్‌ను గాజుపలకల మీద తీసి, ప్రతి పలకకు చోటు, తేదీ వ్రాసి పెట్టినాడు. ఆ పలకలు నేడు సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఉన్నవి. ఆయన నిలిచిన చోటనే నిలిచి, అదే తేదీన, మరల చిత్రం తీయవచ్చును.