తిరుమల మెట్లదారి, పాత మోకాలి దెబ్బ

తిరుమలకు కాలినడకన వెళ్లేవారు ఎక్కువగా పట్టే దారులు రెండు. కుప్పం, పలమనేరు వైపు నుంచి చిత్తూరు మీదుగా వచ్చేవారికి అలిపిరి అలవాటు. మదనపల్లె నుంచి పీలేరు, భాకరాపేట మీదుగా వచ్చేవారికి శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు ముందు తగులుతుంది. సోమల, పుంగనూరు ప్రాంతాల వారు రెండూ ఎక్కుతారు.

దారుల తీరు

అలిపిరి మెట్లు 3,550 అని వాడుక లెక్క. దూరం 9 కి.మీ. అని కొందరు, 11 అని కొందరు రాశారు. ఈ వ్యాసం మొదటి లెక్కనే తీసుకుంటుంది. గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా సాగి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర దారి మళ్లీ నిటారవుతుంది. రామానుజులు (సంప్రదాయం ప్రకారం 1017–1137) ఆ కొండను కాలితో తొక్కకుండా మోకాళ్లపై ఎక్కారని ప్రతీతి; అక్కడ ఆయన పేరిట భాష్యకారుల సన్నిధి ఉంది. మనవడు చిన్నన్న చెప్పిన కథలో చిన్ననాటి అన్నమయ్య అలసి పడుకున్నదీ అక్కడే. శ్రీవారి మెట్టులో సుమారు 2.1 కి.మీ.లోనే 2,388 మెట్లు ఉన్నాయి. దారి పొట్టిదైనా తెరిపి తక్కువ కాబట్టి, నొప్పి మోకాలికి అలిపిరే మేలనిపిస్తుంది.

మోకాలిపై బరువు

కృత్రిమ కీళ్లలో సెన్సర్లు అమర్చి కొలిచినప్పుడు, చదును నేలపై నడిస్తే మోకాలిపై ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లెక్కితే మూడు రెట్లకు పైగా, దిగితే దాదాపు మూడున్నర రెట్లు భారం పడింది. అందుకే పాత లిగమెంటు దెబ్బ, మెనిస్కస్ చిరుగు, గుజ్జు అరుగుదల ఉన్నవారు నడిచి ఎక్కినా, దిగేటప్పుడు ఘాట్‌రోడ్డు బస్సెక్కడం మంచిది.

జాగ్రత్తలు

నడక మొత్తానికి మానేస్తే తొడ కండరం సన్నబడి కీలుకు ఆసరా తగ్గుతుంది. చదును నేలపై రోజువారీ నడక, తొడ ముందు కండరానికి వ్యాయామం, బరువు తగ్గడం ఎక్కువమందికి ఉపకరిస్తాయి. చేతికర్రను నొప్పి లేని వైపు పట్టాలి. మెట్టెక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. మరునాటికి వాపు, నొప్పి పెరిగితే నడక శక్తికి మించిందని గుర్తు. మోకాలు పట్టేసినా, ఉన్నట్టుండి జారినా, నీరు చేరినా డాక్టరుకు చూపించాలి.

వైద్యం

ఈ సీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటు పాతది. అది 1881 నుంచి ఉందని చెబుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టే ఈ కట్టు కొంతకాలం కాలిని కదలనివ్వదు. అది విరిగిన ఎముక సంగతి; మోకాలి లోపల లిగమెంటు, మెనిస్కస్ చిరుగులు మాత్రం మామూలు ఎక్స్‌రేలో కూడా నేరుగా కనబడవు. ఎంఆర్ఐ అవసరం కావచ్చు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం (తి.తి.దే.) నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ల చికిత్సకు పేరున్నది.

అరవై దాటినవారు, మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, కీళ్ల జబ్బులు ఉన్నవారు కాలినడకన రావడం తగదని 2024 అక్టోబరులో తి.తి.దే. సూచించింది. అది నిషేధం కాదు. అలిపిరి దారిలో 1,500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకారుల సన్నిధి దగ్గర వైద్య సాయం దొరుకుతుందని అప్పుడే తెలిపింది.