నాగలమడక రాతి మీద రెండు పాములు
పావగడ తాలూకా నాగలమడకలో, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న అంత్య సుబ్రహ్మణ్యుడి గుడికి సంతానం కోరే దంపతులు తరతరాలుగా వస్తున్నారు. ఈ మొక్కులతో పాటు ఈ సీమంతటా సాగిన నాగప్రతిష్ఠను దగ్గరగా చూడండి. రావి, వేప కలిసిన చోట నిలిపిన రాయి మీద రెండు పాములు మెలివేసుకుని, పడగలు ఎదురెదురుగా ఉంటాయి. ప్రతిష్ఠకు పీటల మీద కూర్చునేది ఆలుమగలిద్దరూ. బిడ్డ ఇద్దరి వల్ల కలుగుతుందని ఆచారం ఒప్పుకున్నట్టే. ఈ మాటకు సైన్సేమో ఆలస్యంగా వచ్చింది: 1827లో ఫాన్ బేయర్ క్షీరదాల అండాన్ని వర్ణించాడు, 1876లో హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్‌లో అండం, వీర్యకణాల కేంద్రకాల కలయికను ప్రకటించాడు.

చెట్టు చుట్టూ తిరిగేది ఆడదే కదా, గొడ్రాలన్న మాటా ఆమెకే కదా అనొచ్చు. నిజమే. రావిచెట్టు చుట్టి కడుపు తడుముకుందన్న సామెత వెక్కిరించిందీ ఆమెనే. అయితే ఆ నింద రాతి మీద లేదు, ఇంటి నోళ్లలో ఉంది. ఒంట్లోనూ లేదు: పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే ఒకే హార్మోను ఆమెలో అండాన్ని విడిపిస్తుంది, అతనిలో టెస్టోస్టెరాన్‌ను పుట్టిస్తుంది. విడుదలైన అండం బతికేది సుమారు ఒక్కరోజు. అతని వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైమాటే.