అల్‌బిరూనీ ఆఖరి సవాల్

దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న పిల్లవాడు అడుగుతాడు: ‘అమ్మీ, పక్కింటి ఆంటీవాళ్లు దీపావళికి అన్ని దీపాలెందుకు పెడతారు?’ ‘చుప్, ముందు తిను’ అంటాం. ఆ సవాల్ అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడల్లా నాకు అల్‌బిరూనీ యాదికొస్తాడు.

అబూ రైహాన్ అల్‌బిరూనీ 973లో ఖ్వారిజంలో పుట్టాడు. ఆయన పుట్టిన చోటు ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. 1017లో మహమూద్ గజ్నవీ ఆ ములుక్‌ను గెలిచి, అక్కడి ఆలిములతో పాటు ఆయన్నీ గజ్నీకి తీసుకుపోయాడు. సుల్తాన్ ఫౌజు దౌలత్ కోసం హిందుస్తాన్ మీద పడింది. బిరూనీ మాత్రం ఇక్కడ కితాబులు వెతుక్కున్నాడు. నలభై దాటిన వయసులో సంస్కృతం మీద కూర్చున్నాడు. అంత పెద్ద ఆలిమ్ అయ్యుండీ, ఇక్కడి జ్యోతిష పండితుల ముందు మొదట షాగిర్దులా నిలబడ్డానని తనే రాసుకున్నాడు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబీలోకి తెచ్చాడు. 1030 ప్రాంతంలో ‘కితాబుల్ హింద్’ పూర్తి చేశాడు.

పక్క మజహబ్ వాళ్లను బహస్‌లో ఓడించడానికి రాసిన కితాబు కాదది. వాళ్ల మాటను వాళ్లు చెప్పినట్టే ముందు పెట్టాడు. తనకు సరికాదనిపించినచోట ఆ సంగతీ రాశాడు. పండితుల గురూర్‌ను తప్పుపట్టాడు. మహమూద్ దాడులు ఈ దేశాన్ని బర్బాద్ చేశాయనీ, ఇక్కడివాళ్లకు ముస్లింలంటే నఫ్రత్ పెరగడానికి అదే కారణమనీ కూడా దాచలేదు. ఇంత చేసినా ఆయన ఈమాన్‌కు వచ్చిన నుక్సాన్ ఏమీ లేదు.

ఆయన ఆఖరి ఘడియల గురించి ఒక రివాయత్ ఉంది. బీమారీతో ఊపిరాడని హాలత్. చూడవచ్చిన ఫఖీహ్‌ను, విరాసత్‌లో నానీల హిస్సా గురించి ఇదివరకు మాట్లాడుకున్న ఒక మస్‌లా మళ్లీ అడిగాడట. ‘ఈ హాలత్‌లోనా?’ అన్నాడు ఆ ఫఖీహ్. తెలియకుండా పోవడం కన్నా తెలుసుకుని పోవడం మేలు కదా అన్నాడట బిరూనీ. జవాబు విన్నాడు, తిరిగి అప్పజెప్పాడు. ఫఖీహ్ ఇంకా గల్లీలో ఉండగానే ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయట.

మౌత్ దగ్గర్లో ఉన్న మనిషికే సవాల్ అడగడం బేఅదబీ కాలేదు. అన్నం ముందు కూర్చున్న పిల్లవాడికి ఎట్లా అవుతుంది? మనకు జవాబు తెలియకపోతే ‘నాకూ మాలూమ్ లేదు బేటా, రేపు ఆంటీనే అడుగుదాం పద’ అంటే చాలు. అందులో మన ఇజ్జత్‌కు వచ్చే లోటేమీ లేదు. ఆంటీ కూడా ఖుష్ అవుతుంది.