చేతులు చూపమన్నారు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాడు. వయసు నలభై దాటింది. భార్య అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు పిల్లలు. కుటుంబంతో సహా విదేశానికి వెళ్ళిపోవాలని సంకల్పం. విజయవాడలో ఒక సలహాదారును కలిస్తే, ఆయన ఆ దేశంవారి వృత్తుల పట్టిక పైనుంచి కిందికి చూసి, "మాస్టారూ, ఇందులో మీ పని లేదండీ" అన్నాడట.

"ఏ పనైనా చేస్తాను మామయ్యా. గోదాములో పెట్టెలు మోయమన్నా మోస్తాను" అన్నాడు మావాడు. పదిహేనేళ్ళుగా పిల్లల చేత యతిప్రాసలు పలికిస్తున్నవాడు!

నేనేమీ అనలేకపోయాను. కాని ఆ "ఏ పనైనా" అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఎందుకంటే ఈ నేల మీద ఆ మాట కొత్తది కాదు. మావాడికంటే ముందు దానిని అన్నవారు ఈ తీరంలోని నేతగాళ్ళు. వారి సంగతి నాలుగు మాటలు వ్రాసుకుందామని ఈ టపా.

రేపల్లె నుంచి సముద్రం వైపు పోతే నిజాంపట్నం వస్తుంది. ఈనాడు చేపల పడవల రేవు. పాశ్చాత్యుల పాత దస్త్రాలలో దీని పేరు పెటపోలి. 1606లో డచ్చివారు ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' అనే ఓడ వచ్చి ఆగింది. ఆంధ్రతీరంలో ఆంగ్లేయుల వర్తకానికి అదే ప్రారంభం. వారు వచ్చినది మన బట్టకోసం, దానికి ఎర్రదనమిచ్చే చిరివేరు కోసం. మిరియాలు, లవంగాలు పండే తూర్పు దీవులవారు వెండికంటే మన బట్టనే ఇష్టపడేవారు. అందుచేత ఇక్కడ బట్ట కొని బాంటం, పటానీ, సయాం దేశపు అయోధ్య వరకు తీసుకుపోయేవారు.

అంటే ఆ రోజులలో నేర్పు కోసం పరదేశాలే ఓడలెక్కి మన గుమ్మం ముందుకు వచ్చాయి. నేతగాడు ఇల్లు కదలనక్కరలేకపోయింది. అలాగని అదేదో స్వర్ణయుగమని నేననను. ముందుగా ఇచ్చిన బయానా సొమ్ముకు కట్టుబడి, దళారికీ, ఆ తరువాత కంపెనీ గుమాస్తాకూ జవాబు చెప్పుకుంటూ బ్రతికినవాడే నేతగాడు. అయినా అతని చేతిలోని పనికి ఒక ధర ఉండేది.

ఆ ధర ఒక్కరోజులో పడిపోలేదు. లాంకషైరు మరలు నూలు వడకడం, ఆపైన బట్ట నేయడం మొదలుపెట్టాయి. 1813లో కంపెనీ గుత్తాధికారం పోయింది. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వర్తకమే ఆగిపోయింది. సరిగ్గా ఆ సమయానికే, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు కబళించింది. 5 లక్షల జనంలో సుమారు 2 లక్షలమంది చనిపోయారని అంచనా. కరువులో మొదట తెగిపోయేది బట్ట బేరమే కదా! గింజలు కొనలేనివాడు పంచె కొంటాడా?

ఇక్కడ ఒక విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. మగ్గం ఒక మనిషి పని కాదు. గుంటమగ్గంలో కూర్చుని నాడె ఆడించేది మగవాడే కావచ్చు. కాని అతడు కూర్చునే లోపల నూలు తోడాలి, ఆసు పోయాలి, వీధిలో పడుగు సాచి గంజి పెట్టాలి, పేకకు కండెలు చుట్టాలి. ఇల్లాలు, ముసలి తల్లి, ఎనిమిదేళ్ళ పిల్ల, అందరి చేతులూ అందులో ఉంటాయి. నేత అనే విద్య ఒక ఇంటిది, ఒక మనిషిది కాదు. ఆ ఇంటిని విడదీస్తే విద్య సగానికి తగ్గదు, పూర్తిగా పోతుంది.

1834లో బ్రిటిషు రాజ్యంలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చారు. మొదట మారిషసు, తరువాత ఇతర దేశాలు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో నేటాలులోని డర్బను చేరింది. 1911 వరకు 1,52,000 మందికి పైగా అలా నేటాలు వెళ్ళారు. అందులో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి కూడా వెళ్ళాయి. అరవవారు, తెలుగువారు కలిసి ఎక్కారు. నాటి జాబితాలలో పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు వ్రాసుకునేవారు. వ్యవసాయ కూలీల మధ్య నేతకులాల పేర్లూ అక్కడక్కడ తగులుతూ ఉంటాయి.

మన వైపునుంచి మద్రాసుకు దారి ఉండేది. కొమ్మమూరు కాలువ బాపట్ల మీదుగా పోయి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. ఆ రోజులలో పడవలో కూర్చుంటే నీటిమీదనే మద్రాసు చేరగలిగేవారు. 1899 నాటికి బెజవాడ - మద్రాసు రైలుమార్గం తెనాలి, బాపట్లల మీదుగా పడింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు కొమ్మ వేశారు. మిల్లు బట్టల మూటలను దింపినదీ, మనుషులను ఎక్కించుకున్నదీ ఆ రైళ్ళే.

డిపోలో వైద్యుడు పరీక్ష చేసేవాడు. కళ్ళు, పళ్ళు, రొమ్ము చూసిన తరువాత అరచేతులు చూపమనేవారు. కాయలు కాచి ఉంటే మట్టిపని చేసిన మనిషని తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే అనుమానం. నేతగాడి అరచెయ్యి మెత్తగానే ఉంటుంది, ఉండాలి. గరుకు చేతికి సన్ననూలు తగులుకుని తెగిపోతుంది. తరతరాలుగా కాపాడుకున్న ఆ మెత్తదనమే అక్కడ లోపమయింది. 1876-78 కరువులో మద్రాసు ప్రభుత్వం కొన్నిచోట్ల నేతవారిని రాళ్ళు కొట్టే పనికి పంపకుండా, నూలిచ్చి బట్ట నేయించి కూలి ఇచ్చింది. చేతుల విలువ దొరలకు తెలియక కాదు. తోటల యజమానులు అడిగినది వేరు, అంతే.

ఫిజీ ఒప్పందంలో, అక్కడివారు గిరిమిట్ అన్న కాగితంలో, పని ఏమిటంటే నేలను సాగుచేయడం, ఆ పంటనుంచి సరుకు తయారుచేయడం. 5 ఏళ్ళ కట్టుబాటు. రోజు పనికి మగవానికి ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. 10 ఏళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. వచ్చినవాడికి ఏమి వచ్చునో వ్రాసుకునే గడి అందులో లేదు.

మరి అలాంటి చేతులవానిని ఎందుకు తీసుకున్నారు? కొందరిని తిప్పి పంపే ఉంటారు. కాని ప్రతి 100 మంది మగవారికి 40 మంది స్త్రీలు ఉండాలని నిబంధన. ఏజెంట్లకు ఎప్పుడూ ఆ లెక్కలోనే కొరత. భార్యతో వచ్చినవాడిని వదులుకోవడం కష్టం. నా అభిప్రాయం ఏమిటంటే, నేత కుటుంబం అక్కడ చెల్లినది మగ్గం వలన కాదు, ఆ 40 అనే అంకె వలన. ఇంట్లో ఒక్క విద్యగా ఉన్న మొగుడూపెళ్ళాలు ఓడ దిగేసరికి ఒక షిల్లింగు, 9 పెన్నీలు అయ్యారు.

బర్మా కథ దీనికి తిరగబడ్డది. అక్కడ కుటుంబం అక్కరలేదు. రంగూను రేవులో మూటలు మోయడానికి, బియ్యపు మిల్లులలో పనికి ఒంటరి మగవారు కావాలి. తెలుగువారిని కోరంగి రేవు పేరుమీద 'కోరంగీలు' అనేవారు. 1931 నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలకూ, వారి సమ్మెకాలంలో పనిలో చేరిన బర్మావారికీ మధ్య రేగిన కొట్లాట పెద్ద హింసాకాండగా ముగిసింది. 1942లో జపాను సేనలకు వెరచి లక్షలమంది అడవులవెంట నడిచి తిరిగివచ్చారు. మూట మోయడం ఎవరైనా చేయగలిగిన పని. అందుకే ఎవరినైనా తీసేయగలిగిన పని కూడా.

నిజానికి బర్మా వలస అనగానే విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల పేర్లు ముందు వస్తాయి, మన ఊళ్ళవి కాదు. కారణం కృష్ణ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక తెనాలి, రేపల్లె ప్రాంతాలు వరిచేలయ్యాయి. భూమి ఉన్నవానికి ఓడ ఎక్కే అవసరం తీరిపోయింది. నేతగాడికి భూమి లేదు. పక్కవాడి చేను పచ్చబడినంత మాత్రాన మగ్గానికి గిరాకీ పెరగదు కదా.

ఆనాటి బాపట్ల తాలూకాలోని చీరాలలో మాత్రం మగ్గం నిలబడింది. అక్కడి గళ్ళ రుమాళ్ళు 'రియల్ మద్రాస్' అన్న పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. నైజీరియాలోని కలబరి ప్రజలు పెళ్ళికీ చావుకూ ఆ బట్ట వాడుకున్నారు. మనిషికి దొరకని వీసా ఆయన నేసిన గుడ్డకు దొరికిందన్నమాట. అదే చీరాల - పేరాలవారు 1921లో పురపాలక పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వేలాదిగా ఊరు వదిలి 11 నెలలు రామనగరులో పాకలు వేసుకుని ఉన్నారు. వారిలో నేతవారు చాలామంది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి, కలిసి తిరిగివచ్చిన వలస అది.

స్వాతంత్ర్యం తరువాత లెక్క మారినట్లు కనిపించింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చింది. 1965లో అమెరికా, 1967లో కెనడా తమ వలస నియమాలను మార్చి చదువుకూ వృత్తికీ విలువ కట్టడం మొదలుపెట్టాయి. మన డాక్టర్లు వెళ్ళారు. 1976లో అమెరికా, తమకు వైద్యుల కొరత తీరిందని చట్టంలో వ్రాసుకుని విదేశీ వైద్యులకు తలుపు సగం మూసింది. ఆ డాక్టర్ల చేతులలో నేర్పు ఏమీ తగ్గలేదు. తరువాత కంప్యూటరు వారి వంతు. వారి వెంట వెళ్ళిన భార్యలలో పీజీలు చదివినవారు, ఉద్యోగాలు చేసినవారు ఉన్నారు. హెచ్-4 వీసా మీద 2015 వరకు వారికి పనిచేసే హక్కే లేదు. ఆ తరువాత కూడా కొందరికే. అప్పుడు 9 పెన్నీలైనా ఇచ్చారు.

చెరకు తోటల కట్టుబాటు తీరిన తెలుగువారి పిల్లలు, మనుమలు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1941లో ఫిజీలో ఆంధ్ర సంఘం వెలిసింది. వారికి కావలసివచ్చినవి తెలుగు పుస్తకాలు, తెలుగు చెప్పే పంతుళ్ళు. ఏ ఏజెంటు పట్టికలోనూ లేని వృత్తి!

ఈ సంగతి మావాడికి ఫోనులో చెబితే నవ్వాడు. అసలు విషయం అప్పుడు బయటపెట్టాడు. పట్టికలో అతని పని లేదు గాని భార్య పని ఉన్నదట. నర్సులు వారికి కావాలి. దరఖాస్తు ఆమె పేరుమీద పెడితే ఇతడు ఆమె వెంట వెళ్ళేవాడవుతాడు. ఆ సంగతి సలహాదారు మొదటిరోజే చెప్పాడట. నాకు చెప్పడానికే ఇన్ని రోజులు పట్టింది.

"అమ్మాయి ఏమంటున్నది?" అన్నాను.

"తన ఇంగ్లీషు పరీక్షకు నన్నే దగ్గర కూర్చోబెట్టుకుని చదువుతున్నది మామయ్యా. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి రెండు గంటలు."

పోయిన వారం దరఖాస్తు నింపారట. వెంట వచ్చేవారి వృత్తి అన్నచోట ఖాళీగా వదిలేయండి, ఫరవాలేదు అన్నాడట సలహాదారు. మావాడు వదలలేదు. 'తెలుగు అధ్యాపకుడు' అని వ్రాశాడు. గడి చాలక ఆఖరి రెండు అక్షరాలు గీత దాటాయని చెప్పాడు.