పడక వైద్యం నుంచి చుక్కల మందు దాకా

రెటీనా ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వారికి రోజంతా చుక్కల మందు వేళలే. ఏ సీసా ఎప్పుడు, రోజుకు ఎన్నిసార్లు అని ఇంటిల్లిపాదీ లెక్క పెట్టుకుంటారు. నూరేళ్ల కిందటి రోగికి ఇన్ని సీసాలు లేవు, పడకే వైద్యం.

1920ల్లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్ గోనిన్ అనే వైద్యుడు రెటీనా ఊడటానికి మూలం అందులో పడే చిరుగేనని చాటి, ఆ చిరుగును కాల్చి మూశాడు. అప్పటిదాకా ఆ జబ్బు వస్తే చూపు మీద ఆశ వదులుకోవడమే. కానీ ఆపరేషన్ తరువాత రెండు కళ్లకూ కట్టు కట్టి, రోగిని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. అప్పటికే వైద్యుల చేతిలో ఉన్న పాత చుక్కల మందు అట్రోపిన్. 1830ల్లో బెల్లడోనా మొక్క నుంచి వేరు చేసిన ఈ పదార్థం మన ఉమ్మెత్తలోనూ ఉంటుంది. అది కంటిపాపను పెద్దది చేస్తుంది, లోపలి కండరాన్ని సడలించి నొప్పి తగ్గిస్తుంది, పాప అంచు వెనకనున్న కటకానికి అతుక్కోకుండా కాపాడుతుంది. మనిషికి పడక ఎలాగో, కంటికి అట్రోపిన్ అలాగ.

అసలు మలుపు కార్టిసోన్ అనే స్టెరాయిడ్. 1948లో కీళ్లవాతం రోగికి తొలిసారి ఇచ్చిన ఈ మందు కొద్ది ఏళ్లలోనే కంటి వైద్యంలోకి వచ్చింది. ఆపరేషన్ గాయానికి కన్ను ఎర్రబడి వాచిపోవడాన్ని అదుపు చేసే మందు చేతికందింది. అయితే కొందరి కళ్లలో ఈ స్టెరాయిడ్ చుక్కలే ఒత్తిడి పెంచుతాయని 1960ల నాటి పరిశోధనలు తేల్చాయి. ఈ హెచ్చరికను నేటికీ తేలిగ్గా తీసుకుంటున్నాం.

ఈలోగా ఆపరేషనూ మారింది. 1970లో మయామీలో రాబర్ట్ మాఖెమర్ కంటిలోని జెల్లీలాంటి పదార్థాన్ని సన్నని పరికరంతో తీసే పద్ధతికి నాంది పలికాడు. తరువాత కంట్లో గ్యాస్ లేదా సిలికాన్ నూనె నింపడం వాడుకైంది. వాటివల్ల ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. 1978లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన టిమోలాల్ చుక్కలు ఆ ఒత్తిడిని తగ్గించడానికి అక్కరకొచ్చాయి.

చుక్కల మందు రెటీనాను అతికించదు. ఆ పని లేజర్‌ది, శీతల చికిత్సది, గ్యాస్‌ది. చుక్క ఎక్కువగా పనిచేసేది కంటి ముందు భాగంలోనే. వాపు, ఇన్ఫెక్షన్, ఒత్తిడి ముదరకుండా అది కాపు కాస్తేనే వైద్యుడి శ్రమ నిలుస్తుంది.

కన్ను తేటపడిందని చుక్కలు మధ్యలో ఆపకండి. బాగా పనిచేసిందని మందుల షాపులో మళ్లీ కొని నెలల తరబడి స్టెరాయిడ్ వేసుకోకండి, ఒత్తిడి పెరిగి వచ్చే నీటికాసులు (గ్లాకోమా) చడీచప్పుడు లేకుండా చూపును తినేస్తాయి. పాలలా తెల్లగా ఉండే మందు సీసాను బాగా కుదపండి. రెండు మందుల మధ్య అయిదు నిమిషాలు ఆగండి.